కాలిబాటలును, గ్రామ సంఘములును

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో గావించిన ప్రసంగ పాఠము)



ఈ తరగతిలో ఇంటిపన్నును గూర్చియో, మంచినీటి పథకములను గూర్చియో మేము ప్రసంగింతుమని మీరు అనుకొనియుందురు. ఆ విషయములు చెప్పుటకు అనుభవజ్ఞులు పలువురు ఉన్నారు. మేము మాత్రము ఒక నడకను గూర్చి చెప్పదలచితిమి.

ఇంగ్లండు దేశపు నడుమ డెర్బీషైరు అను జిల్లా కలదు. అచట గ్రిండిల్‌ఫర్డు అను చిన్న రైలుస్టేషను వద్ద బయలుదేరి, అడవిలో ఎక్కి, చెట్టు లేని కొండబీడును దాటి, మరల అడవిలో దిగి, ఆ స్టేషనునకే చేరుకొనవచ్చును. మొత్తము సుమారు ఆరు మైళ్లు. వెళ్లిన దారిని తిరిగి రానక్కరలేదు. వలయముగా చుట్టివచ్చు నడక అది. ఈ నడకకు టిక్కెట్టు లేదు. ఎవరి అనుమతియు అక్కరలేదు. కాని ఆ నేల నడచువారిది కాదు. ఇతరుల నేలమీద నడచుటకు ప్రజలకు హక్కు ఎట్లు వచ్చినది? అది ఇన్నేండ్లు ఎట్లు నిలిచినది? అందులో మన పంచాయతీల వంటి గ్రామ సంఘముల పాలు ఎంత? ఇదియే మా ప్రసంగ విషయము.

అడవిలో ఎక్కుట

షెఫీల్డు నగరము ఉక్కునకును, కత్తులకును పేరు పొందినది. అచట రైలెక్కినచో పావుగంటలో గ్రిండిల్‌ఫర్డు చేరవచ్చును. నడుమ మూడున్నర మైళ్ల పొడవున టాట్లీ సొరంగము కలదు. ఆ రైలుమార్గము ప్రయాణికులకు 1894లో తెరువబడినది. సొరంగపు చీకటి నుండి వెలుగులోనికి వచ్చుసరికి స్టేషను, దాని ప్రక్కనే అడవి. పూర్వము కొలిమి కార్ఖానాలలో ఆరు దినములు శ్రమించిన కూలీలు ఆదివారమునాడు ఈ రైలులోనే వచ్చెడివారు. వారి కథ ముందు చెప్పెదము.

స్టేషను దాటగనే పాడ్లీ కోన. బర్బేజి వాగు పెద్ద పెద్ద రాళ్ల నడుమ దుముకుచు దిగివచ్చును. బాట ఆ వాగు వెంట పైకి ఎక్కును. ఇరువైపుల ఓకు చెట్లు. మన టేకు, మద్ది వలె నిటారుగా పెరుగవు. చలికి, గాలికి వంకరలు పోయిన కొమ్మలు, వానిపై దట్టమైన నాచు. నేలమీద అడవిచీమలు ఎండుటాకులను ప్రోగుచేసి కట్టిన పుట్టలు కనిపించును. వసంతకాలమున ఆఫ్రికా ఖండము నుండి ఒక చిన్న నలుపుతెలుపుల పిట్ట వచ్చి ఈ ఓకు తొర్రలలో గూడు పెట్టుకొనును.

ఈ అడవిలో ఒక విశేషము గమనించితిమి. కొంత మేర చెట్లన్నియు ముదుసలి చెట్లే. వాని క్రింద పిల్లచెట్లు కానరావు. ఏటేట గింజలు రాలుచునే ఉన్నవి, మొలకలు వచ్చుచునే ఉన్నవి. కాని కొండమీది గొర్రెలు దిగివచ్చి ఆ మొలకలను మేసివేయుచు వచ్చినవి. ఇరువదవ శతాబ్దపు నడుమ ఈ అడవిలో కొంత భాగమునకు కంచె వేసి, గొర్రెలను రానీయక చూచిరి. కంచె లోపల ఓకు, బర్చి మొలకలు నిలచి చెట్లైనవి. వెలుపల ముదుసలి చెట్లు అటులనే వారసులు లేక మిగిలినవి. మేపుటయు కావలెను, కాపుటయు కావలెను. ఉమ్మడి ఆస్తి విషయమున రెంటినడుమ తగవు తీర్చువాడు ఒకడు ఉండవలెను. మన ఊళ్లలో ఆ తగవు తీర్చువారు మీరే.

ఒక మైలుకు పైగా ఎక్కిన పిదప చెట్లు పలుచబడి, వాగు ఒడ్డున పచ్చికబయలు కానవచ్చును. దానికి కుడివైపున ఉన్నదంతయు లాంగ్‌షా ఎస్టేటు. ఒకప్పుడు ఇది రట్లండు డ్యూకుగారి వేట విడిది. 1927లో ఆ ప్రభువులు ఎస్టేటును అమ్మకమునకు పెట్టిరి. ఈ భూములు ఇండ్ల స్థలములుగా ముక్కలై పోవునేమో అని షెఫీల్డు ప్రజలకు భయము కలిగినది. ఆ ప్రాంతపు ప్రకృతి శోభను కాపాడుటకు 1924లోనే ఒక సంఘము ఏర్పడియున్నది. దానిని స్థాపించిన ఎథెల్ హేథార్న్‌త్వేట్ అను మహిళ మొదటి ప్రపంచయుద్ధమున భర్తను కోల్పోయిన చిన్నవయస్సు వితంతువు. ఆమెయు, ఆమెతో పనిచేసిన వారును చందాలు పోగుచేయ పూనుకొనిరి. అట్లు వచ్చిన ధనముతో 747 ఎకరములు కొని, 1931లో నేషనల్ ట్రస్టు అను ధర్మసంస్థకు అప్పగించిరి. నేడు ఆ బయలులో పిల్లలు వాగునీటిలో ఆడుకొనుచుండగా చూచితిమి. ఆ పిల్లలలో ఎందరి ముత్తాతలు ఆనాడు చందా ఇచ్చిరో!

కొండబీటి మీద

రోడ్డు దాటగనే దృశ్యము మారిపోవును. చెట్లు లేవు, పొలములు లేవు. కనుచూపు మేర ఎత్తుపల్లముల బీడు. దీనిని వారు మూరు అందురు. ఎత్తైన చోట, చలియు వానయు ఎక్కువగుటచే, అచట మొక్క చచ్చినను త్వరగా కుళ్లి మన్నుగా మారదు. నీటిలో నానుచు ఏండ్లకేండ్లు పేరుకొని నల్లని మెత్తని నేలగా ఏర్పడును. దానినే పీటు అందురు. అది జలమును స్పంజి వలె పట్టియుంచును. ఎండినచో నిప్పు అంటుకొనును. అందుచేతనే ఈ బీటిలో పొయ్యి వెలిగించుట, బొగ్గుల కుంపటి పెట్టుట తప్పు. 2018 వేసవిలో ఇంగ్లండులోనే సాడిల్‌వర్తు మూరు అంటుకొని దినములతరబడి మండినది.

ఈ నేలలో హెదరు అను పొట్టి పొద పెరుగును. ఆగస్టు నెలలో అది ఊదారంగు పూలు పూయగా కొండంతయు రంగు మారును. హెదరు లేత చివుళ్లు తిని గ్రౌసు అను కోడివంటి పక్షి బ్రతుకును. ఈ పక్షియే పెద్ద కథకు మూలము.

పూర్వము ఈ బీళ్లు చాలవరకు ఊరి ఉమ్మడి భూములు. ఊరివారు గొర్రెలను మేపుకొనెడివారు, పీటును కోసి ఎండబెట్టి వంటచెరకుగా వాడుకొనెడివారు, ఫెర్ను ఆకును పశువుల క్రింద పరచుటకు తెచ్చుకొనెడివారు. పదునెనిమిది, పందొమ్మిదవ శతాబ్దములలో పార్లమెంటు చేసిన కంచెల చట్టములతో ఇవి ముక్కలై పెద్ద భూస్వాముల పరమైనవి. వారు గ్రౌసు పక్షుల వేటకై బీడును ప్రత్యేకించి, కావలివారిని నియమించిరి. ఎవడైన అడుగుపెట్టినచో పక్షులు బెదరునని వెనుకకు తరిమివేసెడివారు. తాతలనాడు గొర్రెను మేపిన చోట మనుమడు నడచుటకు వీలులేకపోయినది.

ఈ సమయముననే షెఫీల్డు కార్మికులు కొందరు నడక సంఘమును స్థాపించిరి. జి. హెచ్. బి. వార్డు అను యువకుడు, ఉక్కు పరిశ్రమలో పనిచేయువాడు, ‘క్లారియన్’ పత్రికలో ప్రకటన చేసి 1900 సెప్టెంబరు 2వ తేదీన ఒక నడకకు పిలుపునిచ్చెను. పదునలుగురు వచ్చిరి. వారిలో ముగ్గురు స్త్రీలు. మేము చెప్పుచున్న కొండలకు పడమరగా ఉన్న కిండరు స్కౌటు అను పెద్దకొండ చుట్టును వారు ఆనాడు తిరిగి వచ్చిరి. అదియు చుట్టునడకయే. ఆ తరువాత వార్డు పాత పటములను, పాత భూపత్రములను వెదకి, ఏ బాట పూర్వము ప్రజల బాటయో సాక్ష్యము కూర్చుటకు జీవితమంతయు శ్రమించెను. కేకలు వేయుట కంటె కాగితము చూపుట మేలని ఆయన పద్ధతి. 1945లో నడకరులు లూజ్ హిల్ అను కొండపై భూమిని ఆయనకు కానుకగా ఇచ్చిరి. ఆయన దానిని తన వద్ద ఉంచుకొనక నేషనల్ ట్రస్టుకు అప్పగించెను.

అందరును అంత ఓపికపట్టలేదు. 1932 ఏప్రిల్ 24వ తేదీన కొన్ని వందల మంది యువకులు, బెన్నీ రాథ్‌మన్ అను యువకుని నాయకత్వమున, కిండరు స్కౌటుపై నిషేధమును లెక్కచేయక ఎక్కిరి. కావలివారితో పెనుగులాట జరిగినది. ఐదుగురికి రెండు మొదలు ఆరు మాసముల వరకు కారాగారశిక్ష పడినది. శిక్ష నేలపై అడుగుపెట్టినందుకు కాదు. అల్లరి చేసిరని, కొట్లాడిరని. నడక సంఘముల పెద్దలు పలువురు ఈ పద్ధతిని మెచ్చలేదు. అయినను ఆ శిక్షలు దేశమంతట కలకలము రేపినవి.

ఈ కథను తలంచుకొనుచు మేము బర్బేజి లోయలో నడచితిమి. ఎడమప్రక్కన కార్ల్ వార్కు అను బల్లపరుపు గుట్ట. దానిపై పురాతనపు రాతి ప్రాకారము నేటికిని నిలిచియున్నది. దాని కెగువను హిగ్గరు టోరు అను రాతి శిఖరము. ఎత్తు 434 మీటర్లు. దానిమీద గాలి మనిషిని నిలువనీయదు. నలుదిక్కుల బీళ్లు, వాని నడుమ దారాలవలె కాలిబాటలు.

ఈ బీళ్లలో ముందరి తరములవారు మరొక పని చేసియుంచిరి. మంచులో, మబ్బులో దారి తప్పి బాటసారులు మరణించెడివారు. 1697 నాటి చట్టము దారులు కలియు చోట్ల గుర్తులు నిలుపుటకు న్యాయాధికారులకు అధికారమిచ్చినది. డెర్బీషైరు బీళ్లలో 1709 అని చెక్కిన రాతికంబములు నేటికిని కనిపించును. ఒక్కొక్క ముఖముపై ఒక్కొక్క సంత పట్టణము పేరు. అక్షరములు వంకరటింకర, మాటల వ్రాత తప్పులతడక. కాని మూడువందల ఏండ్లకు పైగా ఆ రాయి దారి చెప్పుచున్నది. గుర్తు అందముగా ఉండనక్కరలేదు. ఉన్న చోట ఉండిన చాలును.

పటమునకు ఎక్కుట

ఇక మీకు మిక్కిలి పనికివచ్చు భాగమునకు వచ్చితిమి.

ఇంగ్లండులో మన గ్రామ పంచాయతీకి సాటియైన సంస్థ పారిష్ కౌన్సిలు. 1894 చట్టముతో ఇవి ఏర్పడినవి. ఆ చట్టమే ఒక మంచి మాట చెప్పినది: ఊరిలోని ప్రజామార్గమును మూసివేయవలెనన్నను, మళ్లించవలెనన్నను పారిష్ కౌన్సిలు సమ్మతి కావలెను. నేటికిని, 1980 నాటి హైవేల చట్టము క్రింద, ఒక మార్గము అనవసరమని మూయించుటకు పై అధికారులు మెజిస్ట్రేటు కోర్టుకు వెళ్లదలచినచో, ముందుగా పారిష్ కౌన్సిలుకు నోటీసు ఇయ్యవలెను. కౌన్సిలు రెండు మాసములలో నిరాకరించినచో ఆ దరఖాస్తు వేయుటకే వీలులేదు. చిన్న సభకు ఎంత పెద్ద అధికారము!

1932లోనే, అనగా కిండరు కొట్లాట జరిగిన సంవత్సరముననే, మరొక చట్టము వచ్చినది. ఒక బాటను ప్రజలు ఎవరి అనుమతియు అడుగక, దాగక, ఎవరిని బెదరింపక, ఇరువది సంవత్సరములు ఎడతెగక నడచినచో, అది ప్రజలకు దత్తమైనట్లే భావింపబడును. యజమాని అట్టి ఉద్దేశము తనకు లేదని రుజువు చేసిననే తప్పును. ఆ నియమము నేటి చట్టములోను ఉన్నది.

తరువాత 1949 నాటి చట్టము. జాతీయ ఉద్యానవనములను ఏర్పరచినది ఈ చట్టమే. మేము నడచిన ప్రాంతము 1951 ఏప్రిల్‌లో పీక్ డిస్ట్రిక్టు అను పేర ఆ దేశపు తొలి జాతీయ ఉద్యానవనము అయినది. ఈ చట్టము ప్రతి జిల్లాలోని కాలిబాటలన్నిటిని సర్వే చేసి నిర్ణీత పటమును తయారుచేయవలెనని కౌంటీ కౌన్సిళ్లను ఆదేశించినది. పటములో ఎక్కిన బాట ప్రజాబాట యనుటకు వేరు సాక్ష్యము అక్కరలేదు. పటమే తిరుగులేని సాక్ష్యము.

ఈ సర్వే ఎవరు చేసిరి? ఊరూరను పారిష్ కౌన్సిలు సభ్యులు, బడిపంతుళ్లు, రైతులు, నడక సంఘములవారు చేతిలో పటము పట్టుకొని ప్రతి బాటను నడచిరి. ఎచట గోడ దాటుటకు రాతిమెట్లు ఉన్నవి, ఎచట దిడ్డి ఉన్నది, ఎచట వంతెన విరిగినది, ఎన్నేండ్ల నుండి జనులు నడచుచున్నారు అని వ్రాసిరి. కొన్ని ఊళ్లు శ్రద్ధతో చేసినవి. కొన్ని ఊళ్లు అశ్రద్ధ చేసినవి. ఫలితము నేటికిని కనిపించును. ఒక ఊరి పటములో బాట పొలిమేర వరకు వచ్చి ఆగిపోవును. పొలిమేరకు ఆవల రెండవ ఊరివారు దానిని వ్రాయలేదు. నేలమీద బాట ఉన్నది. కాగితముమీద సగమే ఉన్నది. చుట్టుబాట ఒక్క చోట తెగినచో మొత్తము తెగినట్లే. మిగిలిన మూడు ఊళ్ల శ్రద్ధ ఆ ఒక్క ఊరి అశ్రద్ధచే వ్యర్థమగును.

ఆ దేశపు న్యాయశాస్త్రములో ఒక సూత్రము కలదు: ఒకమారు ప్రజామార్గమైనది ఎన్నటికిని ప్రజామార్గమే. నడువకపోయినంత మాత్రమున హక్కు చావదు. నిజమే. కాని సాక్ష్యము చచ్చును. నడచిన వృద్ధులు పోవుదురు, గుర్తురాళ్లు పోవును, గోడలోని మెట్లు పూడిపోవును. 2000 నాటి చట్టము పాతబాటలను పటములో ఎక్కించుటకు 2026 జనవరి 1వ తేదీని గడువుగా పెట్టినది. అప్పుడు రాంబ్లర్స్ అను నడక సంఘము పిలుపుపై వేలాది స్వచ్ఛంద సేవకులు పాత పటములను, క్రొత్త పటములను ప్రక్కప్రక్కన పెట్టి పోల్చిచూచిరి. ఇంగ్లండు, వేల్సులలో నలుబదితొమ్మిది వేల మైళ్ల బాటలు పటమున ఎక్కక మిగిలియుండవచ్చునని తేలినది. ఆ గడువును 2023లో 2031 వరకు పొడిగించిరి. 2024 డిసెంబరులో, గడువునే తొలగింతుమని అచటి ప్రభుత్వము ప్రకటించినది. పటమున ఉన్న బాటలు ఇంగ్లండు, వేల్సులలో కలిపి రెండు లక్షల కిలోమీటర్లకు పైబడియున్నవి. ఇంత శ్రద్ధ గల చోటనే ఇంత మిగిలిపోయినచో, శ్రద్ధ లేని చోటి మాట ఏమి?

ఆ 2000 నాటి చట్టమే మరొక మేలు చేసినది. పటమున గుర్తించిన కొండలు, మూరు బీళ్లు, ఉమ్మడి భూములపై బాట విడిచియు కాలినడకన తిరుగు హక్కును ఇచ్చినది. 2004, 2005 సంవత్సరములలో ఇది అమలునకు వచ్చినది. 1932లో చెరసాలకు పోయినవారు కోరినది ఇదియే.

హక్కుతోపాటు కట్టుబాట్లును ఉన్నవి. అట్టి బీటిలో మార్చి 1 నుండి జులై 31 వరకు, పక్షులు నేలపై గ్రుడ్లు పెట్టు కాలమున, కుక్కను పొట్టి తాటితో పట్టుకొనియే నడువవలెను. మందల దాపున ఏ కాలమున నైనను అంతే. తీసిన దిడ్డిని మూయవలెను. రైతుకును నియమము కలదు. పొలము నడిమి కాలిబాటను అవసరమైనచో దున్నుకొనవచ్చును; కాని మొదటి దున్నకము తరువాత పదునాలుగు దినములలో దానిని మరల నడువదగినట్లు చదును చేయవలెను. పొలము గట్టు వెంట పోవు బాటను అసలు దున్నరాదు. బాట వెడల్పు ఇంత తగ్గరాదని కూడ కొలతలు పెట్టిరి. రైతు పంటకును నష్టము లేదు, బాటసారికిని దారి పోలేదు.

రాతిగని నుండి స్టేషనునకు

శిఖరము నుండి దక్షిణముగా దిగివచ్చి, లోయ యంతయు ఒక్కసారిగా కన్నులకు కట్టు మలుపును దాటి, మేము బోల్ హిల్ అను పాత రాతిగనిలో ప్రవేశించితిమి. ఇప్పుడది బర్చి చెట్ల అడవి. ఆ చెట్ల క్రింద పదులకొలది తిరగలి రాళ్లు! మన ఇంటి తిరగలి వంటివి కావు. నిలువెత్తు మరరాళ్లు, నాచుపట్టి, ఒకదానిపై ఒకటి వాలియున్నవి. ఈ కొండరాయి గరుకు. దానితో విసరిన పిండి కొంచెము బూడిదరంగు పట్టెడిది. జనులు తెల్లని రొట్టెను కోరసాగిరి. ఫ్రాన్సు రాయి వచ్చినది, తరువాత ఉక్కు రోలర్ల మరలు వచ్చినవి. కొనువారు లేక, చెక్కిన రాళ్లు చెక్కిన చోటనే మిగిలినవి. ఆ మరరాయియే నేడు ఆ జాతీయ ఉద్యానవనమునకు చిహ్నము. ఇరువదవ శతాబ్దపు తొలి ఏండ్లలో ఈ గని రాతితోనే డెర్వెంటు నది ఎగువన రెండు పెద్ద ఆనకట్టలు కట్టిరి.

ఆ గని నుండి దిగు బాటలో ఒక చోట ఫెర్ను పొదలు నడుమెత్తు పెరిగి దారి తెలియక మేము కొంతసేపు తడబడితిమి. అంతలో కత్తెర చప్పుడు వినవచ్చినది. డెబ్బది ఏండ్లు దాటిన ఒక పెద్దాయన, ఆయన భార్య, ఒక దిడ్డి చుట్టును పెరిగిన పొదలను కత్తిరించుచున్నారు. ఆయన తన ఊరి పారిష్ కౌన్సిలు సభ్యుడట. ఊరిలోని బాటలన్నిటిని సభ్యులు పంచుకొనిరట. ఏడాదికి రెండుమారులు తన వంతు బాటలను నడచి, విరిగిన దిడ్డిని, పడిన గుర్తుకంబమును వ్రాసి సభలో చదువుట తన పని యని చెప్పెను. చిన్న పనియైనచో తామే చేయుదురు. పెద్ద పనియైనచో కౌంటీ కౌన్సిలుకు వ్రాయుదురు. కౌంటీవారి వద్ద ధనము చాలక, వ్రాసినదంతయు జరుగదని కూడ ఆయన నిజము దాచక చెప్పెను. మరి ఏల శ్రమపడుచున్నారని మేము అడుగగా, బాటకు పొద అడ్డమువచ్చిన మొదటి ఏడు జనులు ప్రక్కనుండి పోవుదురు, రెండవ ఏడు రారు, మూడవ ఏడు అక్కడ బాట ఉండెనని ఎవరికిని తెలియదు అనెను. ఆ మాట మా మనస్సున నాటుకొన్నది. ఆయన కత్తిరించిన సందునుండియే మేము దిగి, సాయంకాలమునకు స్టేషను చేరితిమి. వలయము పూర్తియైనది.

మన డొంకలు

సోదరులారా, ఇంతదూరపు కథ మీకు చెప్పుటకు కారణము ఊహించియే యుందురు. మన ఊళ్లలో కాలిబాటలు లేవా? బండ్ల డొంకలు, పుంతలు, చెరువుకట్ట దారులు, పశువులు బీటికి పోవు దారులు, శ్మశానమునకు పోవు దారులు మన ఊరి పటములలో గీయబడియే ఉన్నవి. వాని గతి ఏమైనది? రెండు బండ్లు ఎదురెదురుగా పోగలిగిన డొంక, ఏటా ఒక చాలు చొప్పున అటువైపు రైతు, ఇటువైపు రైతు కలుపుకొనగా, ఇరువది ఏండ్లలో ఒక మనిషి పోవు సందుగా మిగులుట మీరు చూడలేదా? ఒక్క చాలే గదా అని ఎవరును అడుగరు. చివరకు ఎడ్లబండి పోదు, ట్రాక్టరు పోదు. లోపలి పొలముగల పేదరైతు ఇతరుల చేను త్రొక్కి పోవలెను, తగవు వచ్చును, కోర్టుకు పోవుదురు. శవమును మోసికొని పోవుటకు దారి లేక జరిగిన జగడములు మీలో కొందరు తీర్చియే యుందురు.

ఇంగ్లండు చట్టములు మనకు వర్తింపవు. కాని మన చట్టములు తక్కువవి కావు. ఆంధ్రప్రదేశమున 1994 నాటి పంచాయతీరాజ్ చట్టము, తెలంగాణమున 2018 నాటి పంచాయతీరాజ్ చట్టము గ్రామమార్గముల బాధ్యతను గ్రామ పంచాయతీపై ఉంచినవి. 2011 జనవరిలో భారత సుప్రీంకోర్టు, పంజాబు రాష్ట్రమునందలి ఒక ఊరి చెరువును ఆక్రమించిన వ్యాజ్యమున తీర్పు చెప్పుచు, గ్రామ ఉమ్మడి భూములనుండి అక్రమ ఆక్రమణలను తొలగించుటకు పథకములు తయారుచేయవలసినదిగా రాష్ట్ర ప్రభుత్వములన్నిటిని ఆదేశించినది. అధికారము లేదని మనము చెప్పుకొనుటకు వీలులేదు.

ఆంధ్రప్రదేశమున 2020 డిసెంబరులో భూముల పునస్సర్వే ఆరంభమైనది. సర్వే జట్టు వచ్చు దినము ఊరి డొంకలకు నిర్ణయదినము వంటిది. ఎవరి పొలము వారు హద్దు వద్ద నిలిచి చూపుకొందురు. డొంక తరపున నిలుచువాడు ఎవడు? అది అందరిదియు గనుక ఎవడును రాడు. పంచాయతీ సభ్యుడు రానిచో, ఆ డొంక అనాథయే.

కావున మేము కోరునది పెద్ద వ్యయముగల పని కాదు. పంట కోతలైన పిదప ఒక దినము నిర్ణయించుకొనుడు. ఊరి పటమును సంపాదించి, సర్వేయరును, ఊరి వృద్ధులను, గొర్రెల కాపరులను, గడ్డికి పోవు స్త్రీలను వెంటబెట్టుకొనుడు. బాటలన్నియు అందరికంటె ఎక్కువ ఎరిగినవారు వారే. ఊరిచుట్టు ఒక వలయముగా నడువుడు. ఎచట పటములో బాట ఉండి నేలపై లేదో, ఎచట నేలపై బాట ఉండి పటములో లేదో, రెండును వ్రాసికొనుడు. ఆ జాబితాను గ్రామసభలో చదివి, తీర్మానముల పుస్తకమునకు ఎక్కింపుడు. బాట మొదలునందును, మలుపులందును ఒక్కొక్క రాయి పాతి సున్నము పూయుడు. ఆక్రమించిన రైతును మొదటనే దొంగగా చూడకుడు. ముందు పిలిచి, పటము చూపి, మాటాడుడు. నలుగురిలో మాటకు కట్టుబడి ఒక చాలు వెనుకకు జరుగు రైతులే మన ఊళ్లలో ఎక్కువ. వినని చోట నోటీసు ఉండనే ఉన్నది. పొలిమేర దాటు బాటల విషయమున ప్రక్క ఊరి పంచాయతీవారితో కలసి నడువుడు. మీ ఊరిలో కాపాడి పొలిమేర వద్ద విడిచినచో, పైన మేము చెప్పిన సగము బాటయే మిగులును.

ఈ పని ఒక ఏటితో తీరదు. ఆ పెద్దాయన ఏడాదికి రెండుమారులు నడచుచున్నాడు. మీరు ఒక్కమారైనను నడువుడు. ఆయన వద్ద కత్తెర ఉన్నది. మీ వద్ద కొడవలి ఉన్నది.

ఈ ప్రసంగము ముగిసిన పిదప మీ మీ ఊళ్ల డొంకలను గూర్చి మీరు చెప్పగా వినవలెనని మాకు కోరిక గలదు.